తిరగేసి బిగించిన సీలు

ఆదెన్నది ఎమ్మిగనూరు. వాళ్ళ నాయన మగ్గం నేసేవాడు. ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు నూలు కండెలు చుట్టడం వచ్చేది. ఆదెన్నకూ వచ్చింది గానీ మనసు మాత్రం నూలు మీద నిలవలేదు. మగ్గంలో ఏ కొయ్య వదులైంది, నూలు మోసే నాడె ఎందుకు తట్టుకుంటాండాది అని వెతకడంలోనే అతనికి సంతోషం. పక్కిండ్లలో మగ్గం మొండికేస్తే ఆదెన్నను పిలుచుకోని పోయేవాళ్ళు. "వీడు నేసి బతికేవాడు కాదు, బాగుచేసి బతికేవాడు" అని నాయన అప్పుడే తేల్చేసినాడు.

అన్నట్టే పద్దెనిమిదేండ్లకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో చేరి, బేరింగులు, షాఫ్టులు, బెల్టులతోనే సగం వయసు గడిపినాడు. మద్దమ్మను చేసుకున్నాడు. నలభై దాటినాక కర్నూలుకు మారినాడు. కల్లూరు అవతల కొత్తగా పెట్టిన పశువుల దాణా ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. కల్లూరులోనే రెండు గదుల బాడుగిల్లు. మద్దమ్మ ఎమ్మిగనూరు నుంచి చేనేత చీరలు తెప్పించి, చంకన మూట పెట్టుకోని వీధులు తిరిగి అమ్మేది.

ఆ ఫ్యాక్టరీలో బస్తాలు పేర్చేది మనుషులు కాదు, రోబో. రోబో అంటే సినిమాల్లో మాదిరి కాళ్ళూ తలకాయా ఉండేది కాదు. నేలకు బిగించిన ఒంటి చెయ్యి, అంతే. యాభై కిలోల బస్తాను పూలబుట్ట ఎత్తినట్టు ఎత్తి, చెప్పినచోట పెడుతుంది. ఆ చేతికి మన చేతికున్నట్టే కీళ్ళుంటాయి. కీలు లోపల గేర్లు, గేర్ల చుట్టూ నూనె. ఆ నూనె పక్కనుండే మోటారులోకి పోకుండా కాపలా కాసేది ఒక రబ్బరు రింగు. దాన్ని ఆయిల్ సీలంటారు. అరచేతిలో ఇమిడిపోతుంది. దాని లోపలి అంచు పెదవి మాదిరి పల్చగా ఉంటుంది. ఆ పెదవి నూనెవైపు చూస్తూ ఉండాలి. అప్పుడే నూనె ఒత్తిడికి అది షాఫ్టును మరింత గట్టిగా కరుచుకుంటుంది. తవుడు, వేరుశనగ చెక్కపొడి, సున్నపురాయి పిండి కలిసిన దాణా దుమ్ములో, మే నెలలో రేకుల షెడ్డు కింద కాలే గాలిలో, ఆ రబ్బరు అప్పడం మాదిరి పెళుసెక్కుతుంది. అందుకని గడువు తప్పకుండా మార్చాలి. నూనె కారకుండా మూతల కింద ఉండే గాస్కెట్లనూ మార్చాలి.

ఆ పని నేర్చుకోవడానికి కంపెనీ వాళ్ళు ఆదెన్నను ఐదు రోజులు పూణేకు పంపించినారు. తిరిగొచ్చినాక ఫ్యాక్టరీలో అతన్ని "రోబో ఆదెన్న" అనడం మొదలుపెట్టినారు. ఆ మాట వింటే అతనికి ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఇంజనీర్లు కూడా "ఆదెన్న చెప్పినాడా? అయితే సరే" అనేవాళ్ళు. అంత నమ్మకం.

సీళ్ళూ గాస్కెట్లూ కొనేది మాత్రం కల్లూరు మెయిన్ రోడ్డు మీదుండే వెంకటరమణయ్య అంగట్లో. అంగడి పెట్టి నలభై ఏండ్లు దాటింది. చుట్టుపక్కల మిల్లులోళ్ళు, బోర్లు బాగుచేసేవాళ్ళు, ట్రాక్టరు మెకానిక్కులు అందరూ అక్కడికే. "వెంకటరమణయ్య చేతిమీద వచ్చిందంటే అసలు మాలే" అని పేరు. డెబ్బై దగ్గరపడినాక ఆయన గల్లా దగ్గర కూర్చునేవాడు, కొడుకు సుదర్శన్ తిరుగుళ్ళు చూసుకునేవాడు. పాత డీలర్ల దగ్గర మాల్ ఆలస్యమవుతాందని ఆ మధ్యనే సుదర్శన్ హైదరాబాదులో కొత్త డీలర్‌ను మాట్లాడినాడు. తండ్రికి అది అంతగా ఇష్టంలేదు. "తెలిసినోళ్ళను వదిలి తెలియనోళ్ళ దగ్గరికి ఎందుకురా?" అన్నాడు గానీ, కొడుకు మాట కాదనలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఫిబ్రవరి నెల. హెడ్డాఫీసు నుంచి నలుగురు పెద్దవాళ్ళు ఫ్యాక్టరీ చూడడానికి వచ్చినారు. సరిగ్గా ఆ పొద్దే రోబో భుజం కీలులో సీలు మార్చాలి. మెయింటెనెన్స్ చూసే ఇంజనీరు జయరాజ్ ఆ నలుగురినీ అక్కడికే తీసుకొచ్చి, "మన ఆదెన్న. మొత్తం ఇక్కడే చేస్తాడు, బయటినుంచి మనిషి అక్కర్లేదు" అని చెప్పినాడు.

ఆదెన్న మోటారు విప్పినాడు. పాత సీలు తీసినాడు. గాడి తుడిచినాడు. చేతులు పని చేస్తాంటే నోరు వివరిస్తాంది. ఇదిట్ల, అదట్ల, పూణేలో ఇట్ల చెప్పినారు, నేను అట్ల చేస్తా. పెద్దవాళ్ళు తల ఊపుతాండారు. వాళ్ళలో ఒకాయన ఫోన్‌లో వీడియో కూడా తీస్తాండాడు.

కొత్త సీలు రెండుపక్కలా రబ్బరు పూసినది. చూపుకు ఎటైనా ఒకటే మాదిరి కనిపిస్తాది. దగ్గరి చూపు మందగించి ఆదెన్నకు ఏడాదైంది. కళ్ళద్దాలు చొక్కా జేబులోనే ఉండాయి. పెద్దవాళ్ళ ముందు అవి తీసి పెట్టుకుంటే ముసలోడయినాడనుకుంటారేమోనని తీయలేదు. చేతి తొడుగు విప్పి వేలితో తడిమినా తెలిసేది. అదీ చేయలేదు. మాటల్లోనే దాన్ని గాడిలో పెట్టి, పైపు ముక్క ఆనించి సమంగా దించినాడు. మోటారు బిగించినాడు. నలుగురూ చప్పట్లు కొట్టినారు.

పందొమ్మిది రోజులు రోబో బాగానే పనిచేసింది. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం టీకి లైను ఆపినారు. ఆపితే ఆ చెయ్యి ఆగినచోటే నిలిచిపోవాలి. మోటారులో ఉండే బ్రేకు దాన్ని పట్టుకుంటుంది. ఆ రోజు పట్టుకోలేదు. కూర్చుని కునుకు తీసే మనిషి తలకాయ వాలినట్టు, చెయ్యి మెల్లగా కిందికి వాలి, పేర్చిన బస్తాల మీద కూర్చుంది. పైబస్తా పగిలి దాణా జలజలా రాలింది. రోబో చుట్టూ కట్టిన కంచె లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. రోజూ అదే సమయానికి ఊడ్చే ఆమె ఆ రోజు సెలవు.

ఆదెన్న మోటారు విప్పగానే నూనె బొళబొళా కారింది. బ్రేకంతా నూనెలో నానిపోయి ఉండాది. ఈసారి ఎవరూ చూడడంలేదు కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. సీలు కనిపించింది. దాని పెదవి నూనెవైపు లేదు. తనవైపు చూస్తాండాది. తిరగేసి బిగించినాడు.

అంతలో వెనక జయరాజ్ బూట్ల చప్పుడు. ఏం చేస్తాండాడో తనకే తెలియకుండా ఆదెన్న కొక్కెం తీసుకోని సీలును ఒక్క గుంజు గుంజినాడు. పెదవి చీలింది. అది చేతిలోకి వచ్చేసింది. ఇక అది ఎటు తిరిగి ఉండిందో చెప్పే సాక్ష్యం లోకంలో లేదు.

"ఏమైంది ఆదెన్నా?" అన్నాడు జయరాజ్.

"మాల్ బాగలేదు సార్" అన్నాడు ఆదెన్న. "డూప్లికేటు ఇచ్చినట్టుండారు. చూడండి, ఎట్ల చీలిపోయిందో."

అంతే. అది తానే అన్నాడా అని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. తానే అన్నాడు. గొంతు కూడా వణకలేదు.

జయరాజ్ ఆ చీలిన సీలును ఫొటో తీసినాడు. మొన్ననే చప్పట్లు కొట్టిన పెద్దవాళ్ళకు పంపించినాడు. వారంలోపల కొనుగోలు వాళ్ళు వెంకటరమణయ్య అంగడిని వద్దనేసినారు. ఫ్యాక్టరీలో ఎవరో ఆ ఫొటోను వ్యాపారస్తుల వాట్సప్ గ్రూపులో వేసి, 'కల్లూరులో డూప్లికేట్ మాల్, జాగ్రత్త' అని రాసినారు. అది మిల్లు నుంచి మిల్లుకు పాకింది. ఒక్క మాట అని గమ్మునుండిపోయిన ఆదెన్న, ఆ మాట తన అవసరం లేకుండానే ఊరంతా తిరగడం చూస్తూ ఉండిపోయినాడు.

అప్పట్నుంచి అతను ఆ రోడ్డు మీద పోవడం మానేసినాడు. ఇంట్లో మద్దమ్మకూ ఆ సంగతి చెప్పలేదు. షేర్ ఆటో అటుగా పోతే, రెండు వీధుల ముందే దిగి సందుల్లో నడిచేవాడు. ఎవరైనా "రోబో ఆదెన్నా" అని పిలిస్తే మునుపు పెరిగిన ఛాతీయే ఇప్పుడు లోపలికి ముడుచుకోని పోయేది.

మూడు నెలలైంది. ఒక మాపటేళ మద్దమ్మ చీరల మూట తెచ్చి మూలన పడేసి, జొన్నరొట్టె తడుతూ చెప్పింది.

"ఆ సీళ్ళ అంగడి శెట్టిగారింటికి పోయింటి. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ మూట విప్పనీయనేలేదు. ఏమ్మా అంటే ఒకటే ఏడుపు."

ఆదెన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఏమంట?"

"కొడుకు ఇల్లిడిచి పోయినాడంట. ఏదో ఫ్యాక్టరీకి దొంగమాల్ ఇచ్చినారని పేరొచ్చిందంట కదా. ఆ పెద్దాయన కొడుకునే అనుమానించినాడు. 'నువ్వు తెచ్చిన కొత్త డీలరే ఇట్ల చేసింది, నీకు తెలిసే తెచ్చినావా, తెలియక తెచ్చినావా చెప్పు' అని నలుగురి ముందు నిలదీసినాడంట. ఆ పిల్లోడు దేవుని పటం ముందు దీపం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తానన్నా వినలేదంట. అంతే, కడపకు పోయినాడు. యాడో అంగట్లో పనికి కుదిరినాడంట. సొంత అంగడుండే మనిషి, ఇంకొకరి అంగట్లో."

మద్దమ్మ రొట్టె తిప్పింది. "అంతా ఆ ఒక్క మాట చేసిన పని. ఆ మాట ఏ పాపిష్టోడు అన్నాడో గానీ."

ఆదెన్న రొట్టె వదిలి లేచినాడు. ఆకలి లేదన్నాడు. మద్దమ్మ ఒళ్ళు వేడిగా ఉండాదేమోనని నుదురు పట్టి చూసింది. ఆ చెయ్యి తగిలితే కూడా అతనికి సిగ్గయింది. తల పక్కకు తిప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం అంగడికి పోయినాడు. చెప్పేయాలనే పోయినాడు. మెట్లెక్కినాక చూస్తే గల్లా ముందు పెద్ద పళ్ళెంలో సీళ్ళు కుప్ప పోసి, వెంకటరమణయ్య భూతద్దం పట్టుకోని ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూస్తాండాడు. నకిలీ అని అనుమానమున్నవాటిని ఎడమకు, మిగతావాటిని కుడికి వేస్తాండాడు. అంతా అసలు మాలే. అయినా ఎడమపక్క కూడా కుప్ప పెరుగుతాండాది.

తల ఎత్తి చూసి, "ఎవరు, ఆదెన్నా? రాప్పా, రా" అని స్టూలు జరిపినాడు. ఆదెన్న కూర్చోగానే ఆ పెద్దాయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించినాడు.

"మా అంగట్లో తప్పు జరిగిందప్పా. ఆ యంత్రం కింద ఎవరికైనా ఏమైనా అయ్యుంటే నా తల యాడ పెట్టుకునేవాణ్ణి? నీకు కూడా ఫ్యాక్టరీలో మాటొచ్చిందేమో. నా మొహం చూసి మరిచిపో."

ఆదెన్న దిగ్గున లేచినాడు. డెబ్బై ఏండ్ల మనిషి, ఏ తప్పూ లేని మనిషి, తనకు దండం పెడుతూ నిలబడి ఉండాడు. ఆ చేతులను దించమని కూడా చెప్పలేక, "మళ్ళా వస్తా శెట్టిగారూ" అని గొణిగి, మెట్లు దిగి, దాదాపు పరుగెత్తినాడు. సందు మలుపులో ఒక గోడకానుకోని నిలబడితే, చెప్పిన అబద్ధం కంటే ఈ పారిపోవడమే ఎక్కువ రోతగా తోచింది. అబద్ధమప్పుడు భయముండె. ఇప్పుడు ఏముండె?

ఇంటికొచ్చి మద్దమ్మకు చెప్పినాడు. "నువ్వు తిట్టిన పాపిష్టోణ్ణి నేనే."

మద్దమ్మ చీరలు మడతపెడతా ఉండిందల్లా చేతులాపి, "నేను ఆమె పక్కన కూర్చోని ఆమెతోపాటు ఆ మనిషిని శపించినా" అంది. మడతపెట్టిన చీరనే మళ్ళా విప్పి మడతపెట్టింది. తిడితే బాగుండునని అతననుకున్నాడు.

సోమవారం పొద్దున జయరాజ్ గదికి పోయి తలుపు వేసినాడు. ఉన్నదున్నట్టు చెప్పినాడు. కళ్ళద్దాల సంగతి, చేతి తొడుగు సంగతి, కొక్కెంతో గుంజింది, అంతా.

జయరాజ్ మొహం మొదట ఎర్రబడింది. తర్వాత గొంతు తగ్గించినాడు. "ఆదెన్నా, ఇప్పుడెందుకు లేవదీస్తావు? ఆ రిపోర్టు ముగిసిపోయింది. నేను సంతకం పెట్టినాను. పెద్దవాళ్ళు చూసినారు. ఇప్పుడు మార్చమంటే నీకూ మాటే, నాకూ మాటే. గమ్మున పని చేసుకో. ఇకమీద జాగ్రత్తగా ఉండు."

ఒక్క క్షణం ఆదెన్నకు ప్రాణం లేచొచ్చింది. చెప్పినట్టూ అయింది, ఏమీ పోలేదు. అట్ల తేలిగ్గా అనిపించడమే అతన్ని భయపెట్టింది. తానెలాంటివాడో తనకే కనిపించింది.

"మీరు రాయకపోతే నేను రాస్తా సార్" అన్నాడు.

తెలుగులోనే రాసినాడు, ఒక పేజీ. కింద పేరు, తేదీ. రెండు ప్రతులు. ఒకటి మేనేజరు బల్లమీద పెట్టినాడు. పది రోజులు పనికి రావద్దన్నారు. తర్వాత రోబో పని తీసేసి, బస్తాల బెల్టుకు గ్రీజు పెట్టే పనిలో వేసినారు. జయరాజ్‌కు హెచ్చరిక లేఖ వచ్చింది. అతను ఆదెన్నతో పనిమాట తప్ప మాట్లాడడం మానేసినాడు. క్యాంటీనులో కొందరు "నిజాయితీగలోడు" అన్నారు. ఆ మాట వినడం అతనికి అన్నిటికన్నా కష్టమైంది. మూడు నెలలు నోరు కుట్టుకోని ఉండినవాడికి ఆ పేరేంది?

రెండో ప్రతి వెంకటరమణయ్యకు తీసుకోని పోయినాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివినాడు. భూతద్దం పళ్ళెంలో పెట్టినాడు.

"నా కొడుకును నేను నమ్మలేదు, నిన్ను నమ్మినానప్పా" అన్నాడు చివరికి. కోపంగా కాదు. ఏదో లెక్క తప్పినవాడి మాదిరి. "నువ్వు బయటివాడివి. వాడు నా బిడ్డ. ఫ్యాక్టరీ మనిషి ఎందుకు అబద్ధం చెప్తాడులే అనుకున్నా."

"ఆ గ్రూపులో ఈ కాగితం వేయండి శెట్టిగారూ. నా పేరుతోనే."

"వేస్తాలే. దానికంటే ముందు వాడికి చెప్పు. నేను చెప్తే, తండ్రి మొహం దాచుకోవడానికి చెప్తాండాడనుకుంటాడు."

మరుసటి రోజు ఆదెన్న పొద్దున్నే కడప బస్సెక్కినాడు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు. దారంతా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాడు. కడపలో ఆ మోటార్ల అంగడి వెతుక్కోని పోయేసరికి సుదర్శన్ స్టూలెక్కి పైఅరల్లో డబ్బాలు సర్దుతాండాడు. ఆదెన్నను చూసి దిగినాడు. ఆదెన్న పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసినాడు. నాలుగు ముక్కల్లో చెప్పేసినాడు.

సుదర్శన్ విన్నాడు. చేతికంటిన దుమ్ము గుడ్డతో తుడుచుకున్నాడు.

"నువ్వన్నది నువ్వు తిరిగి తీసుకున్నావు ఆదెన్నా. అది నీ చేతిలో పని. మా నాయన నమ్మినాడు సూడు, అది ఎవరు తిరిగి తీసుకుంటారు?"

"నన్ను కొట్టప్పా."

"కొడితే నీకు బాగుంటుంది. నాకేమొస్తుంది?" అన్నాడు సుదర్శన్. తర్వాత ఏమనుకున్నాడో, "ఎండలో వచ్చినావు, నీళ్ళు తాగిపో" అని బాటిలు చేతికిచ్చి, మళ్ళా స్టూలెక్కినాడు.

ఆ నీళ్ళు తాగే మొహం ఆదెన్నకు లేదు. అయినా తాగినాడు. తాగకపోతే అది ఇంకో తప్పయ్యేట్టుండింది.

కాగితం గ్రూపులోకి ఎక్కింది. ఊరంతా చదివింది. బజారులో ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. టీ కొట్టు దగ్గర తెలిసినవాళ్ళు అతను రాగానే మాట మార్చేవాళ్ళు. మిల్లులవాళ్ళు ఒక్కొక్కరుగా వెంకటరమణయ్య అంగడికి తిరిగొచ్చినారు, అందరూ కాదు. ఫ్యాక్టరీ వాళ్ళు మాత్రం కొత్తగా పెట్టుకున్న అంగడినే ఉంచుకున్నారు.

వెంకటరమణయ్య నెల తర్వాత తానే కడపకు పోయినాడు. ఆ తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. సుదర్శన్ అంగడికి తిరిగి రాలేదు, కడపలోనే సొంతంగా చిన్నది పెట్టుకున్నాడు. పండుగలకు ఇంటికి వస్తాండాడని మాత్రం తెలిసింది. పెద్దాయన మధ్యాహ్నాలు అంగడి మూసేయడం మొదలుపెట్టినాడు. ఒక్కడివల్ల కావడంలేదు.

ఏడాది తర్వాత ఒక రోజు రాజ్యలక్ష్మమ్మ వీధిలో పోతాండిన మద్దమ్మను తానే పిలిచింది. మూట విప్పించింది, రెండు చీరలు తీసుకుంది, కాఫీ ఇచ్చింది. ఆ సంగతి మద్దమ్మ ఇంటికొచ్చి చెప్తే, ఆదెన్న కాళ్ళు కడుక్కుంటా అడిగినాడు:

"నా మాటేమన్నా వచ్చిందా?"

"రాలేదు" అంది మద్దమ్మ. "నేనూ ఎత్తలేదు."

ఆదెన్న తువ్వాలు తీసుకోని కాళ్ళు తుడుచుకున్నాడు. పొద్దున ఆరింటి షిఫ్టు ఉండాది, అన్నం పెట్టమన్నాడు.